అక్క నవ్విన ట్రాకులు

రికార్డింగ్ స్టూడియోలో అతన్ని అందరూ షార్ట్‌కట్ అనే పిలుస్తారు. మౌస్ ముట్టుకోవడం అతనికి నామోషీ, అంతా కీబోర్డు మీటలతోనే. ఎమ్ నొక్కితే ట్రాకు మూగబోతుంది, ఎస్ నొక్కితే అదొక్కటే పలుకుతుంది. పక్కవాడు కళ్లు మూసి తెరిచేలోగా ఈయనగారు ట్రాకులన్నీ సర్దేసి టీ తాగుతుంటాడు. పని ముగిశాక అక్కర్లేని ట్రాకులు తీసేసి, వాటి శబ్దాలను డిస్కులోంచి కూడా ఊడ్చేయాలి. అలా ఊడిస్తే తప్ప నిద్ర పట్టదు మహానుభావుడికి.

అక్కకు గొంతు ఆపరేషన్ అన్నారు. ప్రాణానికి భయం లేదు గానీ మాట తిరిగి రాదన్నారు.

"నా చిట్టితల్లికి రోజూ చెప్పే కుందేలు కథ ఒక్కటి రికార్డు చేసి పెట్టరా" అంది అక్క.

స్టూడియోలోని గాజు గదిలో కూర్చుని మొదలుపెట్టింది. కుందేలు బురదలో పడే చోట ఎప్పటిలాగే తనే ముందు పగలబడి నవ్వింది. దగ్గింది. "ఆగరా, మళ్లీ చెప్తాను" అంది. మళ్లీ అక్కడే నవ్వు. చివరికి ఎలాగో పెదవి బిగబట్టి ఒకసారి నవ్వకుండా కానిచ్చింది. చెప్పిన ప్రతిసారీ ఒక్కో ట్రాకుగా రికార్డయింది.

ఆపరేషన్ జరుగుతున్న రోజు అతను ఊరికే కూర్చోలేక పనిలో పడ్డాడు. అక్కకు తను చేయగలిగింది ఇదొక్కటే, ఎవరూ వంక పెట్టకుండా చేయాలనుకున్నాడు. శుభ్రమైన ట్రాకు ఒకటి ఉంచి, నవ్వులున్నవీ దగ్గులున్నవీ వరసగా ఎంచుకుని, డిలీట్ నొక్కి, సేవ్ చేసి, అలవాటుగా డిస్కు కూడా ఊడ్చేశాడు. వేళ్లకున్న వేగం బుర్రకు లేకపోయింది.

అక్క మెడకు కట్టుతో ఇంటికొచ్చింది. మేనకోడలు ఆమె ఒళ్లో చేరింది. అతను రికార్డు పెట్టగానే కథ మొదలైంది. కుందేలు బురదలో పడింది, లేచింది, తన దారిన తను పోయింది.

పాప ముఖం చిట్లించింది. "ఇది అమ్మ కాదు మామయ్యా. అమ్మ ఇక్కడ నవ్వుతుంది. నవ్వేది పెట్టు."

అక్క కూడా ఆశగా తమ్ముడి వైపు చూసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. తీసేసిన ట్రాకును వెనక్కి తెచ్చే మీటలు అతనికి తెలుసు. డిస్కులోంచి ఊడ్చేసిన శబ్దాన్ని ఏ మీటా తేలేదని కూడా తెలుసు.

"అది లేదమ్మా. నేనే తీసేశాను."

"ఎందుకు?"

అక్క పాప తల నిమురుతూ కళ్లు దించుకుంది.

"బాగుంటుందని" అన్నాడు.