సంగటికి సరిపడా ఉప్పు

నంద్యాల బడిలో లెక్కలు చెప్పే ఎడ్విన్ మాస్టారికి వంటింట్లో మాత్రం ఏ లెక్కా కుదిరేది కాదు. భార్య మేరీ పోయి ఏడు నెలలు. పన్నెండేళ్ల కూతురు ఏంజెల్ ఆయన వండింది రెండు ముద్దలు తిని, ఆకలి లేదని లేచిపోయేది. చూస్తుండగానే పిల్ల చిక్కి సగమైంది. ఆళ్లగడ్డలో ఉండే అత్త సుగుణమ్మ వచ్చి, మనవరాలి చెయ్యి పట్టుకొని చూసి, సెలవులు కాగానే తన దగ్గరికి పంపమంది, అక్కడే బడిలో చేర్పిస్తానంది. నంద్యాల ఇంట్లో ఎడ్విన్‌కు మిగిలింది ఆ పిల్ల ఒక్కతే.

ఎడ్విన్ గడువు అడిగాడు. వంట నేర్చుకుంటానన్నాడు. చేతకాకపోతే పిల్లను తనే దింపిపోతానన్నాడు. అయితే వచ్చి నా ముందర వండు, చూస్తానంది సుగుణమ్మ.

సెలవుల్లో చివరి ఆదివారం, చర్చి అయ్యాక, పిల్లను తీసుకొని ఆళ్లగడ్డ వెళ్లి, అత్త ఇంట్లో పుండికూర, అంటే గోంగూర, పప్పు చేయడానికి పూనుకున్నాడు. సుగుణమ్మ రాగి సంగటి కెలికి పెట్టి, గడప దగ్గర కూర్చుంది. ఒక్క మాట సాయం చేయలేదు, మొండి మనిషి. మాస్టారు పప్పు అరచేతిలో వేసుకొని నాకాడు. పులుపెక్కువైంది. బెల్లం వేశాడు. తియ్యగా అయింది. కారం వేశాడు. మంటెత్తింది. నీళ్లు పోశాడు. గిన్నెడు పప్పు కాస్తా ఇంటిల్లిపాదికీ రెండు పూటలకు సరిపోయేంత అయింది. చివరికి నాలుకకు ఏదీ ఎక్కువ తగలకపోయేసరికి, గెలిచానని పొంగిపోయాడు.

సుగుణమ్మ లేచి వచ్చి, ఒక చుక్క నోట్లో వేసుకుంది.

“దీన్ని ఉత్తదే తాగుతావా అప్పా? సంగటిలో ఉప్పు యాడుంది? ముద్దతో తిని చూడు.”

తిన్నాడు. గడ్డి తిన్నట్టుంది. సంగటికైనా అన్నానికైనా తనదంటూ ఉప్పుండదని, ఆ లోటు కూరే తీర్చాలని, ఏడు నెలల్లో ఒక్కనాడూ ఆయనకు తట్టలేదు. పిల్ల ఇన్నాళ్లూ తిన్నది ఆ చప్పిడి కూడే. సిగ్గుతో ఆయన తల వాలిపోయింది. ఇంకొక్కసారి చేస్తానని బతిమాలాడు.

ఈసారి కొంచెం పప్పే పొయ్యి మీద పెట్టాడు. బెల్లం జోలికి పోలేదు. ఉప్పు వేసినప్పుడల్లా ఇంత సంగటి తుంచి, పప్పులో అద్దుకొని తిన్నాడు. ఉత్త పప్పు ఉప్పగా తగిలినా భయపడలేదు. ముద్దలో పడేసరికి పులుపూ కారమూ తమ చోట తాము కుదురుకున్నాయి.

ఏంజెల్ మొదటి ముద్ద మెల్లగా నమిలింది.

“అమ్మ చేసినట్టు లేదు నాయనా,” అంది. ఆయన మొహం వాడిపోయింది. ఏంజెల్ పళ్లెం ముందుకు జరిపింది. “బాగుండాది, ఇంగొంచెం ఎయ్యి.”

పళ్లెం ఖాళీ అయ్యేదాకా సుగుణమ్మ కదలకుండా చూసింది. ఆ పిల్లది అచ్చం మేరీ మొహమే. పిల్లను పంపమని తిండి కోసమే అడిగింది గానీ, కూతురు మళ్లీ ఇంట్లో తిరిగినట్టుంటుందన్న ఆశ కూడా ఆమెకు ఉండింది. ఆ ఆశను వదులుకోవడం కష్టంగానే ఉంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“రేపు బడి తెరుస్తారు గదా. సాయంత్రం బస్సుకు ఇద్దరూ పోండి. వచ్చే ఆదివారం నేనే మీ ఇంటికి తినేకి వస్తా.”