మజ్జిగ తొట్టి

పొద్దున పదకొండు దాటేసరికి యార్డులో పద్నాలుగో మనిషి కక్కింది.

మొదటి ముగ్గురు కక్కినప్పుడు మేస్త్రీ బుడాన్ ఎండదెబ్బ అన్నాడు. ఆరుగురయ్యాక మిరప ఘాటు పడలేదన్నాడు. ఇరవై ఏళ్ళుగా మిరపకాయల తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళకు ఆ రోజే ఘాటు ఎందుకు పడలేదో ఎవరూ అడగలేదు. అడిగే ఓపికున్నవాళ్ళు మరుగుదొడ్డి ముందు వరసలో పొట్ట పట్టుకుని నిలబడి ఉన్నారు. నలభై మందికి ఒకటే మరుగుదొడ్డి. దానికి తలుపుంది, నీళ్ళు లేవు.

ప్రత్తిపాడు దాటాక రోడ్డు పక్కనే ఉన్న ఆ యార్డు మిర్చి వ్యాపారి సురేంద్రబాబుది. గేటు మీద చేతులు జోడించిన ఆయన బొమ్మ, కింద 'శ్రామిక సోదరీమణులకు ఉచిత మజ్జిగ' అని ఫ్లెక్సీ. తన దానగుణం గురించి ఆయన తనే చెప్పుకుంటాడు, ఇంకొకళ్ళకు ఆ శ్రమ ఇవ్వడు. అంతటి దాత ఆ రోజు చేసిన ఉపకారం ఏమిటంటే, బస్తాలు మోసే ట్రాలీ ఆటోలో ఆ పద్నాలుగు మందినీ ఎక్కించి ఆసుపత్రికి పంపడం. బస్తాలు దించేదాకా ఆటో ఆగాల్సి వచ్చింది, అంతే. సాయంత్రానికి ఆ లెక్క పదిహేడు అయింది.

రెండో రోజు పొద్దున వాళ్ళలో ఒకతైన ఎస్తేరమ్మ చచ్చిపోయింది. అరవై రెండేళ్ళ మనిషి. ఒంట్లో నీరంతా పోయిందన్నారు.

ఎవరో ఒకరు దొరకాలి కదా. రెబెకా దొరికింది.

రెబెకాకు నలభై ఐదేళ్ళు. నడుం జారి, కింద కూర్చుని కాయ తీయలేక, మూడేళ్ళుగా యార్డులో మధ్యాహ్నం వంట చేస్తోంది. అన్నం, పప్పు, ఒక పచ్చడి. రోజుకి మూడు వందలు. కాయ తీసేవాళ్ళకు కిలోకింత. వాళ్ళ కూలిలో తిండికని కోసుకున్న డబ్బుతోనే ఈవిడ జీతం, బియ్యం, కట్టెలు అన్నీ గడుస్తాయి. అయినా సురేంద్రబాబు దాన్ని 'మేం పెట్టే భోజనం' అంటాడు. ఇప్పుడు మాత్రం అది 'రెబెకా వండిన భోజనం' అయింది.

ఏ పరీక్షా జరక్కముందే పేపర్లో వచ్చింది, వంటమనిషి నిర్లక్ష్యమని. ఆదివారం చర్చిలో పాస్టరుగారు, తెలిసో తెలియకో పాపం చేసిన సహోదరి కోసం కళ్ళు మూసుకుని ప్రార్థించాడు. పేరు చెప్పలేదు. ఆయనది సున్నితమైన మనసు. ప్రార్థన అయ్యాక ఈస్టరు విందు వంటకి రెబెకాను రావద్దని సంఘపెద్ద చేత చెప్పించాడు. కాలనీలో ఆమె పట్టిన బిందె పక్కన ఇంకో బిందె పెట్టడానికి ఆడవాళ్ళు వెనకాడారు. తన చేతి పప్పే ఇంతమందిని పడేసిందేమోనని రెబెకాకు కూడా అనుమానం పట్టుకుంది. ఇంట్లో పదిసార్లు కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతూ కూర్చునేది.

యార్డు మాత్రం ఒక్క రోజు కూడా ఆగలేదు, ఆ కూలికి ఇంకొకళ్ళు దొరక్క రెబెకా వంటా ఆగలేదు. కాయ మంచి ధర మీదుంది మరి.

సోమవారం గుంటూరు నుంచి డాక్టర్ దీప్తి వచ్చింది. మెడికల్ కాలేజీలో వైరస్‌ల మీద పరిశోధన చేసే మనిషి. ఐస్ పెట్టె, గాజు సీసాలు, కట్టలకొద్దీ ఫారాలు తెచ్చింది. "ఇంత మందికి ఒకేసారి రావడం, మంచి కేసండీ. మాకు అరుదుగా దొరుకుతుంది," అని సురేంద్రబాబుతో అంది. ఆ మంచి కేసులో ఒకతి సమాధిలో ఉందని గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. గుర్తొచ్చింది, అదే నయం. అక్కడున్న మిగతా పెద్దమనుషులకు అదీ రాలేదు.

ఒక్కొక్కళ్ళనీ కూర్చోబెట్టి అడిగింది. ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, ఏం తాగారు. రెబెకా దూరంగా పొయ్యి దగ్గర నిలబడి ప్రతి మాటా వింటోంది.

"ఎస్తేరమ్మగారు ఆ రోజుల్లో మధ్యాహ్నం ఏం తిన్నారు?"

"ఏం తింటదమ్మా, ఉపాసం గదా," అంది శాంతి. పాతికేళ్ళ పిల్ల, ఎస్తేరమ్మ పక్కనే కూర్చుని కాయ తీసేది. "ఈస్టరు ముందు నలభై శ్రమల దినాలు మొదలైన కాణ్ణుంచి పొద్దుగూకిందాకా మెతుకు ముట్టలా. ఇంటికెళ్ళి ఇంత గంజి తాగేది."

దీప్తి ఫారాలు వెనక్కి తిప్పింది. జబ్బు పడ్డ పదిహేడు మందిలో ఐదుగురు ఉపవాసం. రెబెకా చేతి ముద్ద ఒక్కటీ తినని ఐదుగురు.

"మరి వీళ్ళకెలా వచ్చింది?" అంది దీప్తి, తనలో తను.

అప్పుడే మధ్యాహ్నం గంట కొట్టారు. ఆడవాళ్ళు లేచి వరసగా షెడ్డు మూలకు నడిచారు. అక్కడ నీలం రంగు ప్లాస్టిక్ తొట్టిలో పలచటి మజ్జిగ. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు మణికట్టుదాకా చేతులు ముంచి, కాసేపు ఉంచి, తీసి, ఆ తడి వేళ్ళే పెదాలకు అద్దుకుని పక్కకు తప్పుకున్నారు. అన్నం తినేవాళ్ళు అన్నానికి వెళ్ళారు. ఉపవాసం వాళ్ళు నీడకు వెళ్ళారు.

దీప్తి చేతిలో పెన్ను ఆగిపోయింది.

"నీళ్ళతో కడుక్కోరా?"

"కారం చేతికి నీళ్ళు తగిలితే మంట రేగుద్దమ్మా," అంది శాంతి. "మజ్జిగే మందు. మా అమ్మలూ ఇంతే చేసేవోళ్ళు. అయినా మిరపకారం ముందు ఏ పురుగు బతికుద్ది?"

"సబ్బు పెట్టి పారే నీళ్ళతో కడిగితే మంట పోతుంది కదా?"

అందరి కళ్ళూ షెడ్డు పక్కనున్న కుళాయి వైపు వెళ్ళాయి. దానికి ఇనుప పెట్టె, పెట్టెకు తాళం. తాళంచెవి బుడాన్ మొలకి. నీళ్ళు లేక కాదు. తొడిమ తీసిన కాయ మీద సాయంత్రం నీళ్ళు చల్లాలి, తూకం పెరగాలి. కాయలు దాహంతో ఉండకూడదు. వంటకు బుడాన్ కొలిచి వదిలే నీళ్ళు వంటకే సరి. ఆడవాళ్ళు రెండు బిందెల తాగునీళ్ళు ఇంటి నుంచే తెచ్చుకుంటారు.

తొట్టి అంచున ఎండి అట్టకట్టిన తెల్లటి చారను దీప్తి గీకి సీసాలో వేసుకుంది.

ఆ సాయంత్రం శాంతి పొయ్యి దగ్గరికి వచ్చి, బూడిదతో గిన్నెలు రుద్దుతున్న రెబెకా పక్కన కూలబడింది.

"అక్కా, ఎస్తేరు మామ్మని నేనే చంపానా?"

రెబెకాకు తెలుసు. అందరికంటే రెండు రోజుల ముందే శాంతికి విరేచనాలు పట్టుకున్నాయి. వణుకుతూ వస్తే ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తనే తాగించింది. ఇంటికి పొమ్మంది. వారంలో ఒక్క రోజు మానితే ఆ వారం కూలి పై వారానికి తోస్తారని, పిల్లకు పాలు కొనాలని శాంతి పోలేదు. తొట్టిలో అందరితోపాటే చేతులు ముంచింది.

"నోరు మూసుకో," అంది రెబెకా. "నువ్వు చంపడమేంది. లెగిసి మొకం కడుక్కో." అన్నాక, కడుక్కోవడానికి అక్కడ నీళ్ళు లేవని గుర్తొచ్చి, తాగే బిందె వంచింది.

నాలుగు రోజులకు దీప్తి ఫలితాలతో తిరిగి వచ్చింది. అప్పటికి సురేంద్రబాబు కూడా ఒక నివారణ చర్య తీసుకున్నాడు. స్తంభానికి శానిటైజర్ సీసా ఒకటి కట్టించి, దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు. బల్ల మీద ఒక తెల్ల కాగితం కూడా సిద్ధంగా పెట్టాడు. పాడైన పప్పు వడ్డించినందుకు క్షమించమని అందులో రాసుంది. రెబెకా సంతకం ఒక్కటే బాకీ. సంతకం పెడితే పని ఉంటుంది. పెట్టకపోతే కేసు.

దీప్తి అందరి ముందూ చెప్పింది. రోగుల మలంలో నోరోవైరస్ అనే వాంతుల, విరేచనాల వైరస్ దొరికింది. తొట్టి అంచున గీకిన దాంట్లోనూ అదే. కారానికి చావదు, పులుపుకి చావదు, ఆ స్తంభానికి కట్టిన సీసాకీ సరిగ్గా చావదు. సబ్బు, పారే నీళ్ళు కావాలి. జబ్బు పడ్డవాళ్ళు తగ్గాక కూడా రెండు రోజులు పనికి రాకూడదు.

"పప్పులో ఏమీ లేదా మేడం?" అన్నాడు సురేంద్రబాబు, అప్పు తీసుకున్నవాడు పారిపోయినంత దిగులుగా.

"పప్పు తినని ఐదుగురు జబ్బు పడ్డారండీ. ఎస్తేరమ్మగారితో సహా. పప్పు కాదు."

రెబెకా పొయ్యి గట్టు పట్టుకుంది. ఏడుపు వచ్చింది, కొంగు నోట్లో కుక్కుకుంది.

సురేంద్రబాబు దిగులు ఎంతోసేపు నిలవలేదు. వ్యాపారస్తుడు, ఒక సరుకు పోతే ఇంకో సరుకు చూసుకుంటాడు. "అయితే రోగంతో ఉన్నదెవత్తో ఆ తొట్టిలో చేతులు పెట్టిందన్నమాట. ఎవతె అది? ముందు ఎవరికొచ్చింది?"

దీప్తి దగ్గర కూడా ఫారంలో ఆ గడి ఖాళీగానే ఉంది. "అది నాకూ కావాలి. మొదటి కేసు తెలిస్తే రిపోర్టు పూర్తవుతుంది," అంది. "రెబెకాగారూ, మీరు అందరికీ వడ్డిస్తారు కదా. మీకు తెలిసుండాలి."

శాంతి తల వంచుకుంది. ఆమె చేతుల్లో మిరపకాయలు అలాగే ఉన్నాయి.

"చెప్పు రెబెకా," అన్నాడు సురేంద్రబాబు, ఎన్నడూ లేనంత మెత్తగా. "పేరు చెప్పావంటే నీ మీద మచ్చ పోద్ది. ఈ కాగితం ఇప్పుడే చించేస్తా."

వారం రోజులుగా ఆమెకు కావలసింది అదొక్కటే. బిందె పక్కన బిందె పెట్టించుకోవడం. చర్చిలో తల ఎత్తుకుని కూర్చోవడం.

రెబెకా కొంగు తీసి మొహం తుడుచుకుంది.

"ముందెవరికొచ్చిందో నాకు తెలవదమ్మా," అంది దీప్తితో. "కుళాయికి తాళం ఎవరేశారో తెలుసు. అది రాసుకోండి."

"ఏం వాగుతున్నావే?"

"వాగడంలా బాబుగారూ. ఎస్తేరత్త పప్పు తినలా. అన్నం తినలా. ఆ కుళాయి నీళ్ళూ తాగలా. ఆ నీళ్ళు తాగింది మీ కాయలే." ఆమె బల్ల మీది కాగితం వైపు వేలు చూపించింది. "ఆ కాగితం మీద నేను సంతకం పెట్టను. ఇంకెవరి పేరూ చెప్పను."

దీప్తి ఫారం వంక చూసింది. అందులో కుళాయికి గడి లేదు. కాగితం తిరగేసి, వెనక ఖాళీలో రాయడం మొదలుపెట్టింది. ఆ వెనక పేజీని పైన ఎవరైనా చదువుతారో లేదో ఆమెకూ తెలియదు.

మధ్యాహ్నం గంట కొట్టారు. కొత్త తొట్టిలో కొత్త మజ్జిగ వచ్చింది, సురేంద్రబాబు దయ. ఆడవాళ్ళు లేచారు. శాంతి నాలుగు అడుగులు తొట్టి వైపు వేసి, ఆగి, వెనక్కి తిరిగింది. వెళ్ళి కుళాయి పెట్టె ముందు కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకతి. తర్వాత ఐదుగురు. తర్వాత ఎవరూ లెక్కపెట్టలేదు.

చేతులు భగ్గున మండుతున్నాయి. ఎర్రబడ్డ అరచేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కూర్చున్నారు, ఒక్కరూ తొట్టి వంక చూడలేదు.

"ఒరేయ్ బుడాన్, ఏందిరా చూస్తా నిలబడ్డావ్? లేపు వీళ్ళని!" అరిచాడు సురేంద్రబాబు.

బుడాన్ చేయి మొలలోని తాళంచెవి మీదికి పోయింది. అక్కడే ఆగింది.