రెండు పెరళ్లకు ఒక పొయ్యి

పోయిన ఏడాది మార్చిలో మా వంటగది గోడకంటించిన కాగితం ఊడి కిందపడింది. మేపుల్ చెట్ల నుంచి కారే తీపి రసాన్ని పాకం కోసం స్టవ్వు మీద కాచొద్దని మా ఆయన ఆల్సీడ్‌కు ప్రతి ఏడూ చెబుతూనే ఉన్నాను. బకెట్లకు బకెట్లు నీళ్లు ఆవిరైపోతే గానీ ఒక సీసాడు పాకం దిగదు. ఆ ఆవిరంతా ఎక్కడికి పోతుంది? గోడల్లోకే. ఆయన మాత్రం ఊడిన కాగితాన్ని చాపలా చుట్టి చంకలో పెట్టుకుని, "పాతబడిందిలే, ఎలాగూ మార్చాల్సిందే" అన్నాడు.

అప్పుడే తేల్చి చెప్పేశాను. వచ్చే ఏడాదికి బయట సరైన పొయ్యి ఉండాలి. లేదంటే చెట్లకు గొట్టాలు దిగ్గొట్టే మాటే వద్దు.

ఈ ఫిబ్రవరిలో మంచు కాస్త మెత్తబడగానే పాకం పొయ్యిలమ్మే కిట్రిజ్ కొట్టుకు బయల్దేరాను. ఆల్సీడ్ రానన్నాడు. బస్సు నడిపినదానివి, పొయ్యి ఎంచలేవా అన్నాడు. స్కూలు బస్సుకూ పాకం పొయ్యికీ ఏం సంబంధమో నాకిప్పటికీ తెలీదు.

కిట్రిజ్‌ది పెద్ద పశువులకొట్టం. పశువులు పోయాక అందులో పొయ్యిలు పెట్టాడు, కొత్తవీ పాతవీ కలిపి. లోపలికి అడుగుపెట్టేసరికి ఒక మూల ఎవరో వంగి పాత పెనాన్ని వేళ్లతో టంగుటంగున కొట్టి చూస్తున్నారు. ఆ వీపు చూడగానే పోల్చుకున్నాను. మా మరిది రోజేర్.

ఇక్కడొక సంగతి చెప్పాలి. రోజేర్ ఇల్లు మా పక్కనే. రెండు పెరళ్లకూ మధ్య మోకాలెత్తు రాళ్లగోడ. ఆ గోడను ఆనుకుని ఒక పెద్ద మేపుల్ ఉండేది. అన్నదమ్ములిద్దరూ దాని కొమ్మల మీదే పెరిగారు. కొన్నేళ్ల కిందట ఆకులు రాలే కాలంలో మేం మా అమ్మాయి దగ్గరికెళ్లి తిరిగొచ్చేసరికి మొద్దు మిగిలింది. రోజేర్ కొట్టించేశాడు. ఆల్సీడ్ కారు దిగి, ఆ మొద్దు చుట్టూ ఒకసారి నడిచి, ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇన్నేళ్లలో తమ్ముడితో ఒక్క మాట లేదు. చర్చిలో ఒకే బల్ల మీద కూర్చుంటారు. మధ్యలో నేను.

"వదినా! నువ్వేంటిక్కడ?" అన్నాడు రోజేర్.

"రొట్టె కొందామని. పొయ్యిల కొట్టుకు ఇంకెందుకొస్తారు?"

నవ్వాడు. పెనం చూపించి, "ఇది చూడు, పాతకాలం రేకు. ఎంత గట్టిదో" అన్నాడు.

నేను కళ్లద్దాలు పెట్టుకుని అతుకులు చూశాను. బూడిదరంగులో ఉబ్బెత్తుగా ఉన్నాయి. "సీసంతో అతికారు రోజేర్. ఇందులో పాకం తాగి నువ్వు చస్తే నీ కుక్కను నేను సాకాలి."

"అందుకే దాన్ని అలంకారానికి మాత్రమే అమ్ముతాను" అన్నాడు కిట్రిజ్ వెనకనుంచి. నెమ్మదైన మనిషి, చేతులెప్పుడూ తుడుచుకుంటూనే ఉంటాడు. "ఇద్దర్నీ ఒకటే అడుగుతా. చెట్లెన్ని?"

మాకు ముప్పై దాకా ఉన్నాయి. రోజేర్‌కు ఇంకాస్త తక్కువ.

మమ్మల్ని ముందు ఒక చిన్న పొయ్యి దగ్గరికి తీసుకెళ్లాడు. పైన ఒకే పెనం, లోపల అరలు లేవు. "ఇది చవకే, మోసుకెళ్లడానికీ తేలికే. కానీ మంచు కరిగే రోజుల్లో రసం ధారగా వస్తుంది. ఇది అందుకోలేదు. పొద్దున కూర్చుంటే రాత్రి భోజనానికి కూడా లేవలేరు."

తర్వాత రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు ఉన్న పొయ్యి. స్టెయిన్‌లెస్ స్టీలు పెనం, లోపల అడ్డగోడలు. వెనకనుంచి పచ్చిరసం వస్తుంది, ఆ మలుపుల్లో తిరిగి తిరిగి చిక్కబడుతూ ముందుకొస్తుంది, ముందున్న కొళాయిలోంచి పాకం దిగుతుంది. చూడగానే నాకు మనసైంది. రోజేర్ కూడా గుటకలు మింగుతున్నాడు.

"ఇది ఒక్కటే మిగిలింది. కొత్తవి ఈ సీజను అయ్యాకే వస్తాయి" అన్నాడు కిట్రిజ్. "అయితే, నిజం చెప్పాలి కదా, ఇది మీ ఇద్దరిలో ఎవరికీ పనికిరాదు. దీని ఆకలి పెద్దది. ఒక్క పెరటి రసం పోస్తే మధ్యాహ్నానికే ఖాళీ. మంట కింద మండుతూ ఉంటుంది, పైన పెనం ఎండితే క్షణాల్లో మాడుతుంది." చేతులు తుడుచుకుని మా ఇద్దరి మొహాలూ చూశాడు. "రెండు పెరళ్లూ కలిస్తే మాత్రం అచ్చంగా సరిపోతుంది."

రోజేర్ పెనం కొళాయి ఒకసారి తిప్పి మళ్లీ మూశాడు.

"అన్నయ్య ఒప్పుకోడు" అన్నాడు రోజేర్ చివరికి.

"మీ అన్నను అడుగుతున్నదెవరు?" అని నా సంచీ తెరిచాను.

పొయ్యి రోజేర్ కట్టెల పాకలో పెట్టించాం. కప్పుకు ఆవిరి పోయే కంత అక్కడే కుదిరింది. ఇంటికొచ్చి చెబితే ఆల్సీడ్ ఫోర్కు కింద పెట్టేశాడు.

"వాడి పెరట్లోనా? నేను అడుగు పెట్టను."

"పెట్టొద్దు. రసం గోడ దాకా తే చాలు."

తెచ్చాడు. మార్చి మొదట్లో రాత్రి గడ్డకట్టే చలి, పగలు చురుక్కుమనే ఎండ. బకెట్లు నిండాయి. ఆల్సీడ్ బకెట్ మోసుకొచ్చి గోడ మీద పెట్టి వెనక్కి తిరుగుతాడు. రోజేర్ అవతలనుంచి వచ్చి అందుకుంటాడు. ఇద్దరి చేతులూ ఒకే పిడి మీద ఎప్పుడూ పడకుండా ఎంత జాగ్రత్తో!

పొయ్యి అంటించిన రోజు మధ్యాహ్నం ఆల్సీడ్ ఆగలేకపోయాడు. పొగగొట్టం సరిగ్గా లాగుతోందో లేదో చూస్తానని గోడ దాటొచ్చి పాక గుమ్మంలో నిలబడ్డాడు.

"అతనికి చెప్పు, పొయ్యికి గాలి తలుపు ఇంకాస్త తెరవమని" అన్నాడు నాతో.

"తెరిచే ఉందని చెప్పు వదినా."

"కట్టెలు లావుగా ఉన్నాయని చెప్పు."

"ఆయన కట్టెలు ఆయన చీల్చుకోవచ్చని చెప్పు."

"మీ ఇద్దరికీ ఒక టెలిఫోను కొనిపెడతా, ఉండండి" అన్నాను. ఇంతలో పెనంలో నురగ అంచుదాకా లేచింది. ఒక్క చుక్క మీగడ పడితే అణిగిపోతుంది. తెద్దామని రోజేర్ వంటింట్లోకి పరిగెత్తాను. ఒంటరి మగాడి ఫ్రిజ్జులో మీగడ వెతకడమంటే మాటలా! ఆవముద్ద సీసాల వెనక చెయ్యి పెట్టి తడుముతుండగా బయట కేక వినిపించింది.

"రోజేర్! పెనం ఎండుతోందిరా! రసం పోయ్, పోయ్!"

మా ఆయన గొంతే. నేను వచ్చేసరికి ఇద్దరూ పెనం మీదికి వంగి ఉన్నారు. రోజేర్ చేతిలో బకెట్, మా ఆయన రసం గొట్టం దగ్గర, పెనంలోకి రసాన్ని వదిలే తేలుడు బిళ్లను కుదుపుతున్నాడు. ఐసుముక్క అడ్డంపడి అది బిగుసుకుపోయిందట. పాకంతా కాలిన చక్కెర వాసన. నేను గుమ్మం బయటే ఆగిపోయాను.

"చూసుకోవద్దా?" అన్నాడు ఆల్సీడ్ రొప్పుతూ.

"చూస్తూనే ఉన్నా!"

"నువ్వెప్పుడూ ఇంతే. అంతా అయ్యాక తెలుస్తుంది మాకు."

"ఏం అయ్యాక?"

"చెట్టు."

రోజేర్ బకెట్ దించాడు. "లోపలంతా బోలు అన్నా. తొర్రలో చెయ్యి పెడితే భుజం దాకా దూరింది. పెద్దగాలి వస్తే మీ పడగ్గది మీదే పడేది."

"చెప్పొచ్చుగా."

"చెబితే కొట్టనిచ్చేవాడివా?"

"ఇచ్చేవాణ్ని కాదు."

"మరి?"

"మరయినా చెప్పాలి. నేను కాదంటే నాతో పోట్లాడాలి. పోట్లాడి, నేను చూస్తుండగా కొట్టాలి." ఆల్సీడ్ బయట మొద్దుకేసి చెయ్యి చూపించాడు. "నేను కారు దిగేసరికి అది లేకుండా చేశావు కదరా."

రోజేర్ వంగి చెదిరిన కట్టెలు ఏరి పక్కన పెట్టాడు. "అవును. నీ మొహం చూళ్లేక, నువ్వు లేనప్పుడు కొట్టించా. తప్పే."

ఆల్సీడ్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "ఆ సన్నకట్టె ఇలా అందించు" అన్నాడు. రోజేర్ అందించాడు.

అప్పుడు లోపలికెళ్లి నురగ మీద మీగడ చుక్క వేశాను.

ఆ మొదటి పాకం నల్లగా, కాస్త మాడువాసనతో దిగింది. మా వైపు అలవాటు ప్రకారం శుభ్రమైన మంచు పళ్లెంలోకి ఎత్తి, దాని మీద వేడిగా పోసుకుని, డోనట్లతో, పుల్లటి దోసకాయ ఊరగాయతో తిన్నాం. ఎవరూ వంక పెట్టలేదు. తర్వాత తీసినవి తేనెరంగులో వచ్చాయి. ఆల్సీడ్ పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా గోడ దాటేసేవాడు.

ఏప్రిల్‌లో మొగ్గలు విచ్చుకుని రసం రుచి చెడేదాకా కాచారు. ఇక పెనం కడగడం దగ్గర గొడవ మొదలైంది. వెనిగర్‌తో కడగాలని ఒకరు, పులిసిన రసం పోసి నానబెట్టాలని ఇంకొకరు. నన్ను తీర్పు చెప్పమన్నారు. నేను కారు తాళాలు తీసుకుని మా చెల్లెలి ఊరికి వెళ్లిపోయాను.