ఎడమ మూల, రెండంగుళాలు

నాలుగు నెలలుగా ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం ఒక్కటే జరగడం లేదు.

బల్ల నడిమధ్య సూట్‌కేసంత పెట్టె. దాని నెత్తిన ఒక తెర, ముందు ఇటుకంత మందాన కీబోర్డు. చుట్టూ స్పిరిట్ సీసా, దూది పుల్లలు, కోడిగుడ్ల అట్టలో గుంటకో రకం స్క్రూలు. ముప్పై ఏళ్ల క్రితం ఈ జాతి కంప్యూటరు ఏ ఆఫీసులో ఉంటే ఆ ఆఫీసువాళ్లు చుట్టాలను పిలిచి మరీ చూపించేవారట. శ్రీవారి అక్కగారు పనిచేసి రిటైరైన ఆఫీసులో పాత సామాన్లు తీసేస్తుంటే, ఆయన ఆ గుట్టలోంచి దీన్ని ఏరి, పసిబిడ్డను తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చారు.

పగలు బీమా ఆఫీసులో గుమాస్తాగిరీ, సాయంత్రం అయితే దీని సేవ. తన ఒంట్లో కరెంటు పిసరంతైనా దానికి తగలకూడదని ఆయన మణికట్టుకు పట్టీ కట్టుకుని, దాని తీగను కిటికీ ఊచకు తగిలించుకునేవారు.

"ఎటూ పోరు కదా, కట్టేయడం ఎందుకండీ?" అని మొదటిరోజే అడిగింది ఇల్లాలు.

స్విచ్ వేస్తే లోపల పంకా తిరిగేది. ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు వినబడేవి. తెర మాత్రం ఏ పాపం ఎరగనట్టు నల్లగా ఉండిపోయేది.

రోజుకో ముద్దాయి దొరికేవాడు. "కెపాసిటర్లు ఉబ్బిపోయాయే! ఇంకేం పనిచేస్తాయి?" అన్నారు ఒకరోజు.

"ఉబ్బినవాళ్లు పనిచెయ్యక్కర్లేదని ముందే చెప్పుంటే నేనూ పడుకునేదాన్నిగా!"

కెపాసిటర్లు మారాయి. వైర్లు మారాయి. తెరకు బదులు వేరే ఇంట్లోంచి ఇంకో తెర వచ్చి, అదీ నల్లగానే ఉండి, మర్యాదగా తిరిగి వెళ్లింది. చిప్పుల జోలికి మాత్రం ఆయన వెళ్లలేదు. ఇంతకుముందెప్పుడో తెచ్చిన ఇంకో పెట్టెలో ఒక చిప్పును గూట్లోంచి ఊడదీయబోతే దాని కాలు విరిగింది. ఆ పూట ఆయన ముద్ద ముట్టలేదు. అప్పట్నుంచీ చిప్పులను కళ్లతో చూడటమే తప్ప వేలు పెట్టనని ఒట్టు.

ఒళ్లో కంచం పెట్టుకుని తినీ తినీ ఇల్లాలి ఓపిక అడుగంటింది. పైగా వచ్చే ఆదివారం అక్కగారు భోజనానికి వస్తున్నారు. ఇంటికొచ్చిన ఆడపడుచు ఒళ్లో కంచం పెడితే ఆ సంగతి బంధువర్గంలో ఎంతదూరం ప్రయాణం చేస్తుందో ఆమెకు తెలుసు. క్యాలెండరు వెనక ఒడంబడిక రాసి సంతకం పెట్టించింది: ఆదివారం భోజనాల వేళకు తెర మీద అక్షరం కనబడాలి. కనబడకపోతే పెట్టె పాత సామాన్లతనికి, బల్ల ఇల్లాలికి.

శనివారం ఉదయం వదినగారికి ఫోన్ చేసి, రేపు త్వరగా రమ్మని చెబుతూ పెట్టె సంగతి కూడా ఎత్తింది.

"దాని ఎడమ మూలన ఎర్రగా గోళ్లరంగు చుక్క ఉందేమో చూడు" అన్నారావిడ.

ఇల్లాలు తొంగి చూసింది. "ఉంది వదినా. తుప్పనుకుని ఈయన నెలరోజుల్నుంచి గీకుతున్నారు."

అవతల గొంతు తగ్గింది. "మరదలా, అది నా సీటుదే. ఇరవై ఏళ్లు దాంతోనే కాపురం. నేనొకటి చెబుతా, తమ్ముడికి చెప్పనని ఒట్టెయ్యి."

ఇల్లాలు ఒట్టేసింది.

"అది రోజూ పొద్దున మొరాయించేది. ఆ చుక్క పెట్టింది గుర్తుకోసం. సరిగ్గా ఆ మూల పట్టుకుని రెండంగుళాలు ఎత్తి, దభీమని వదిలేదాన్ని. ఠక్కున లేచేది. వేడెక్కి చల్లారి చిప్పులు గూళ్లలోంచి పైకి లేస్తాయట, దెబ్బకి మళ్లీ కూర్చుంటాయట. బాగుచెయ్యడానికొచ్చే ఇంజినీరు కూడా అదే చేసేవాడు. ఆయన తలుపేసుకుని చేసేవాడు, నేను తలుపు తీసి చేశా. మెమో నాకొచ్చింది."

"మెమోనా!"

"'కార్యాలయపు ఆస్తిపై చేయి చేసుకొనుట' అని! తమ్ముడేమో నేను చీమకైనా దారిచ్చే మనిషినని ఊరంతా చెప్పుకుంటాడు. ఇప్పుడు తెలిస్తే నా పరువేం కాను?"

ఫోన్ పెట్టేశాక ఇల్లాలికి నవ్వాగలేదు. నోరు మూసుకుంటే చాలు, రేపు బల్ల తనది. నోరు మూసుకోవడానికి ఒట్టు కూడా సిద్ధంగా ఉంది. ఇంత తేలిగ్గా గెలిచే అవకాశం పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెకు రాలేదు.

ఆదివారం పదకొండయింది. కూతలు అవే మూడు, తెర అదే నలుపు. పాత సామాన్లతను గుమ్మంలో నిలబడి "ఇనుమా అమ్మా, ప్లాస్టిక్కా?" అన్నాడు. అతని వెనకే వదినగారు వచ్చి, బల్ల చూసి, చుక్క చూసి, పైకప్పు వైపు చూడసాగారు.

శ్రీవారు పట్టీ విప్పేశారు. కీబోర్డు తీగను మెత్తటి బట్టతో తుడిచి, జాగ్రత్తగా చుట్టారు.

"ఇదిగో, అతనికి చెప్పు. కీబోర్డునీ పెట్టెనీ విడదీయొద్దని. ఒకరికే ఇమ్మను" అన్నారు, ఎటో చూస్తూ.

ఇల్లాలి చేతిలో గరిటె ఆగింది. ఆయన అరిచుంటే గెలుపు రుచిగా ఉండేది. ఈయనేమో పిల్లను అత్తారింటికి పంపుతున్నట్టు మాట్లాడుతున్నారు.

"ఏవండీ, ఒడంబడికలో ఒక ముక్క మారుద్దాం. నేను దీన్ని లేపితే, ఇది పడగ్గదిలో మీ చొక్కాల అలమరలోకి వెళ్లాలి. చొక్కాలు ఎక్కడికి వెళ్తాయో మీ ఇష్టం."

"నువ్వా? లేపుతావా?"

"సరే అంటారా, అతన్ని పిలవనా?"

"సరే సరే!"

గరిటె పక్కన పెట్టి, కొంగు దోపి, పెట్టె మూల పట్టుకుని ఎత్తి వదిలింది. దభీ! గుడ్ల అట్టలో స్క్రూలన్నీ ఎగిరిపడ్డాయి. శ్రీవారి నోట్లోంచి పెట్టెకన్నా పొడుగాటి కూత వచ్చింది. తెర నల్లగానే ఉంది.

"నీకేమైనా మతిపోయిందా! నాలుగు నెలలు... నాలుగు నెలలు దీన్ని..."

ఇల్లాలు మళ్లీ ఎత్తబోయింది. వదినగారు పెదవులు బిగించారు. చేతిసంచీని గట్టిగా పట్టుకున్నారు. ఇక తట్టుకోలేకపోయారు.

"అలా కాదమ్మా! కుడి మూల ఎత్తితే ఏం లాభం? ఎడమ మూల! తప్పుకో!"

సంచీ కుర్చీలో పడింది. వదినగారు ఎడమ మూల పట్టుకుని, సరిగ్గా రెండంగుళాలు ఎత్తి వదిలారు. ఆ చేతిలో ఇరవై ఏళ్ల సర్వీసు ఉంది. ఒకే ఒక్క పొట్టి కూత వచ్చి, తెర మీద ఆకుపచ్చ అక్షరాలు ఒక్కొక్కటే వెలిశాయి. ఇవాళ తారీఖెంతో చెప్పమని అడుగుతోంది. అన్నేళ్లు పడుకుని లేచింది మరి, అదైనా తెలియాలిగా.

"అక్కా!" అన్నారు శ్రీవారు. "నువ్వా?"

"నేను చెప్పలేదు వదినా" అంది ఇల్లాలు వెంటనే. కుడి మూల పొరపాటున ఎత్తిందో, కావాలని ఎత్తిందో ఆమె మొహంలో కనబడలేదు.

"తెలుసులే" అని వదినగారు సంచీ తీసుకున్నారు. "ఒరే తమ్ముడూ, అలా చూడకు. తారీఖు కొట్టు, ఎదురుచూస్తోంది."

ఆయన తారీఖు కొట్టారు. తర్వాత స్విచ్ ఆపి, మూత తీసి, ఒట్టు గట్టునపెట్టి బొటనవేలితో ఒక్కో చిప్పునూ నొక్కారు. మూడోది 'టిక్'మంటూ గూట్లో కూర్చుంది. ఆ 'టిక్' కోసమేనా నాలుగు నెలలు అన్నట్టు ఆయన తన వేలినే చూసుకున్నారు. పాత సామాన్లతను విసుగెత్తి వెళ్లిపోయాడు. ముగ్గురూ బల్ల మీద భోజనం చేశారు. కూరలో ఒక స్క్రూ వచ్చింది కానీ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఇప్పుడు పెట్టె అలమరలో ఉంది. చొక్కాలు తలుపు వెనక మేకుకు ఉన్నాయి. వేడెక్కి చల్లారి చిప్పులు మళ్లీ లేస్తుంటాయి, వారానికోసారి మొరాయిస్తుంది. ఆయన ముందు వేలితో నొక్కుతారు. తర్వాత కింద దిండు వేసి ఎడమ మూల ఎత్తి, వదిలీ వదలనట్టు వదులుతారు. దిండు మీద పడిన దెబ్బకి ఏం లేస్తుంది?

"ఇదిగో, ఒకసారి వస్తావా?" అని కేకేస్తారు.

ఇల్లాలు చేతులు తుడుచుకుని వస్తుంది, దిండు తీసి అవతల పెడుతుంది. దెబ్బ సరిగ్గా పడాలంటే మనసులో ఎవరో ఒకరిని తలుచుకోవాలని వదినగారు వెళ్తూ వెళ్తూ చెవిలో చెప్పిపోయారు. ఆవిడ తనకు మెమో ఇచ్చిన ఆఫీసరును తలుచుకునేవారట.

పెట్టె ఒక్క దెబ్బకే లేస్తోంది. ఎవర్ని తలుచుకుంటున్నావని ఆయన ఇంతవరకూ అడగలేదు.