బసిలియా ముట్టుకున్న చొక్కా

మటియాస్‌ది చేతుల్లేని చొక్కా, దాని నిండా లాటిన్ మంత్రాలే. కొండమీది ముసలి మంత్రగాడు నల్లసిరాతో రాసిచ్చాడు. తొడుక్కున్నవాడికి తూటా దిగదట. షరతులు రెండే: తూటాకు తల వంచకూడదు, చొక్కాకు ఆడదాని చెయ్యి తగలకూడదు. తమ్ముడు ఎలోయ్ కూడా అలాంటిదే ఒకటి రాయించుకున్నాడు.

బసిలియాకు మొగుడు మటియాస్ అంటే ప్రాణం. పెళ్లయి పదకొండేళ్లయినా, అతను పొలం నుంచి వచ్చే వేళకు జుట్టు సరిచేసుకునే మనిషి. తిరుగుబాటును అణచడానికి మనీలా నుంచి స్పెయిన్ సైన్యం బయల్దేరిందని, పొద్దెక్కేసరికి ఇమూస్ వంతెన దగ్గరికి వస్తుందని కబురొచ్చింది. కందకంలో దాక్కోవడం పిరికితనమనీ, బోలో కత్తులు పట్టుకుని నిటారుగా ఎదురెళ్దామనీ అన్నదమ్ములు అనుకుంటుంటే విని ఆమె గుండె జారిపోయింది. మంత్రం మీద ఆమెకు నమ్మకం లేకపోలేదు. తూటా మీద అంతకంటే ఎక్కువ నమ్మకముంది.

మటియాస్ చొక్కా తొడుక్కోగానే దగ్గరికెళ్లి, రెండు అరచేతులూ అతని ఛాతీకి ఆనించింది.

మటియాస్ ముఖం పాలిపోయింది. "ఏం పని చేశావే?"

"ముట్టుకున్నాను. ఇక అది ఉత్త గుడ్డ. బుద్ధిగా తల దాచుకుని, ఇంటికి రా."

తరవాత మరిదివైపు తిరిగింది. ఎలోయ్ నవ్వుతూ వెనక్కి గెంతాడు. "నా జోలికి రాకు వదినా. నన్ను ముట్టుకునే పిల్ల ఇంకా దొరకలేదు."

ఆమెకూ నవ్వొచ్చింది. పెళ్లీడుకొచ్చిన మగవాడు, వాడి నమ్మకం వాడిది అనుకుని చెయ్యి దించేసింది. మటియాస్ అన్నం ముట్టకుండా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి గెలిచామని ఊరంతా కేకలు. మనవాళ్లు ముందే వంతెన పలకలు ఊడదీశారట, సైన్యం నది దాటలేక చిక్కుకుపోయిందట. బసిలియాకు ఆ సంబరం చెవికెక్కలేదు, దారివైపే చూస్తూ నిలబడింది.

సాయంత్రం మటియాస్ ఒక్కడే వచ్చాడు. నిలువెల్లా కందకం బురద. ఆమె అతని మెడ, చేతులు, పక్కటెముకలు తడిమి తడిమి చూసుకుంది. ఎక్కడా దెబ్బ లేదు. అతని వెనక దారిలో ఎలోయ్ కోసం చూసింది.

మెట్టు మీద కూర్చుని అతనే చెప్పాడు. రోజంతా భయపడుతూనే ఉన్నాడట, తుపాకీ పేలినప్పుడల్లా తల నేలకు ఆనించాడట. పక్కన ఎలోయ్ నిటారుగా నిలబడి, అన్నను చూసి నవ్వుతూ ఉన్నాడట.

ఆమె పక్కన కూర్చోగానే ఆమె ఒళ్లో తల పెట్టాడు. అతని జుట్టులో ఎండిన మట్టిని ఆమె వేళ్లతో తీస్తూ ఉంది. పొద్దుటి కోపం ఇంకా ఉందేమోనని భయపడింది. కోపం లేదు.

"వాణ్ణి కూడా ముట్టుకోవాల్సింది, బసిలియా," అన్నాడు.