నిలబడే పని

ఖాళీ బిందె చంకన పెట్టుకుని నిలబడిన ఆడదాన్ని ఈ జిల్లాలో ఎవరూ ఏమీ అడగరు. ఏ వీధిలోనైనా, ఎవరింటి ముందైనా గంటలకు గంటలు నిలబడొచ్చు. ట్యాంకరు కోసం చూస్తోంది పాపం, అనుకుని పోతారు. అదే మగవాడు నిలబడితే పది నిమిషాల్లో "ఏమప్పా, ఎవరు కావాల?" అంటూ ఎవరో ఒకరు వస్తారు. ఈ కిటుకు కనిపెట్టింది లక్ష్మీప్రసన్న. పేరు కొట్టేసింది ఆమె మొగుడు అనిల్ కుమార్.

అనంతపురంలో ఒక జెరాక్స్ అంగడి మీది గదిలో అతనికి డిటెక్టివ్ ఆఫీసు ఉంది. బోర్డు మీద అతని పేరు, దాని కింద 'మాజీ పోలీసు' అని ఉంటుంది. ఎందుకు మాజీ అయ్యాడో మాత్రం రాయించలేదు లెండి. పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలు, మొగుళ్ళ అనుమానాలు, పెళ్ళాల అనుమానాలు అన్నీ అతను ఫ్యాను కింద కూర్చుని వింటాడు. ఎండలో నిలబడేది ప్రసన్న. తెల్లారకముందే లేచి, అత్త రత్నమ్మకు చక్కెర జబ్బు మాత్ర ఇచ్చి, రొట్టెలు కాల్చి, మొగుడి చొక్కాకు ఇస్త్రీ చేసి, బిందె తీసుకుని బస్సెక్కుతుంది. సాయంత్రం వచ్చి పొయ్యి వెలిగిస్తూనే చూసిందంతా చెబితే, అతను కాళ్ళు చాపుకుని టైపు చేసుకుంటాడు. కాళ్ళు లాగుతున్నాయని ఒకసారి నోరు జారి అంది. "ఏం పని చేసినావని? నిలబడొచ్చినావు, అంతేగదా. నిలబడేది గూడా ఒక పనేనామ్మే?" అన్నాడు. అత్త నవ్వింది. ఎవరైనా మీ ఆవిడ ఏం చేస్తుందని అడిగితే "ఏమీ చెయ్యదు, ఇంట్లోనే" అంటాడు. పద్నాలుగేళ్ళుగా అదే మాట. అయినా ఆమెకొక గర్వం ఉండేది. తను చూసి చెప్పిన దాంట్లో ఒక్క అబద్ధం లేదని. ఆ ఇంట్లో ఆమెకంటూ ఉన్న ఆస్తి అదొక్కటే.

మార్చి నెలలో గుత్తి నుంచి మార్కండేయ వచ్చాడు. బోరుబావుల పైపులమ్మే షావుకారు. భూమి ఎండేకొద్దీ ఆయన వ్యాపారం పచ్చగా అవుతుంది. "నా రెండో భార్య, అంజలి. గురువారమైతే చాలు, అంగడికని పోతాది, రెండు గంటలు కనపడదు. ఎవనితోనో నాకు తెలియాల," అన్నాడు. టీ గ్లాసు అందించిన ప్రసన్న మొహం వైపు ఆయన చూడనే లేదు. టీ ఇచ్చే ఆడవాళ్ళ మొహాలు చూసే అలవాటు ఆయనకు లేదు.

గుత్తి కోట కింద, ఆయన ఇంటి ముందు మూడు రోజులు నిలబడింది ప్రసన్న. నాలుగో రోజు ట్యాంకరు వచ్చి పోయింది. బిందె నిండితే నిలబడడానికి సాకుండదని ఆమె కావాలనే వెనకబడింది. మేడ మీంచి చూస్తున్న అంజలి దిగివచ్చి తలుపు తీసింది. ముప్పై కూడా నిండని పిల్ల, నిండు చేతుల రవిక.

"ట్యాంకరు పోయె గదక్కా, ఇంకా ఏం చూస్తాండావు? లోపలికి రా. మా సంపులో ఉండాయి నీళ్ళు."

ఆ రోజు మోటారు కాలిపోయి ఉంది. నేలలో తవ్వి కట్టిన సంపు మీది ఇనుప మూత ఇద్దరూ చెరోవైపు పట్టుకుని, అమ్మా అబ్బా అంటూ ఎత్తారు. బిందె నింపి అంజలి అడిగింది, "అన్నం తిన్న్యావా?"

ఎంత మామూలు మాట! ప్రసన్నకు మాత్రం కొత్త. ఇంట్లో అన్నం అయిందా అని అడిగేవాళ్ళే గానీ, తిన్నావా అని అడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు. ఆ పిల్ల ఎదురుగా కూర్చుని వడ్డిస్తుంటే తలవంచుకుని తిన్నది. పేరడిగితే రామాంజినమ్మ అని చెప్పింది. తర్వాత ఆ నిండు బిందెను బస్టాండు దాకా మోసింది. పారబోయడానికి చేతులు రాలేదు, టీ అంగడి ముసలామెకు ఇచ్చేసింది. బస్సులో ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో తెలియలేదంటే అబద్ధం. తెలుసు.

ఆ తర్వాత ఆమె వీధిలో నిలబడింది తక్కువ, ఆ ఇంట్లో కూర్చున్నది ఎక్కువ. మార్కండేయ మధ్యాహ్నాలు అంగట్లోనే ఉంటాడు. అంజలి ఆమె కాళ్ళకు నూనె రాసేది. "ఎంతసేపు నిలబడతావక్కా, పిక్కలు రాళ్ళయినాయి," అనేది. ఒకరోజు తలుపు గడియ పడింది. ముప్పై ఎనిమిదేళ్ళ ఒంటిని అంతవరకూ వంటింట్లోకీ, బస్సులోకీ, మొగుడి పక్క మీదికీ మోసుకుపోయిందే గానీ, అది తనదని ప్రసన్నకు అప్పుడే తెలిసింది. సిగ్గనిపించలేదు. భయమనిపించింది, ఇంత సంతోషాన్ని ఎక్కడ దాచాలా అని. అంజలి వీపు మీద వాతలు చూసింది కూడా ఆ రోజే. పాతవి, వాటి మీద కొత్తవి. "పైపు ముక్కతో కొడతాడక్కా. మొగం మీద కొట్టడులే. పెండ్లిండ్లకు పక్కన నిలబెట్టుకోవాల గదా," అని అంజలి నవ్వింది.

ఇంటికొచ్చి ప్రసన్న మొగుడికి చెప్పేది, అంజలి గుడికి పోయింది, దర్జీ దగ్గరికి పోయింది అని. అబద్ధాలు మంచినీళ్ళలా వచ్చాయి. నిజానికి గురువారాలు అంజలి పోయేది చర్చి గోడ పక్కకు. ఆటో నడిపే జాకబ్ అక్కడ ఆమె కోసం నిలబడి ఉండేవాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకునేవాళ్ళు. ప్రసన్న అదీ చూసింది. అతను నీకేమవుతాడని అడగలేదు. అడిగితే జవాబు వినాలి కదా! లోకంలో అందరి గుట్టూ లాగే మనిషికి ఆ ఒక్క గుట్టు లాగడానికి ధైర్యం చాలలేదు. కడుపు మండేది. మండితే మండనీ అని నోరు మూసుకునేది.

జూన్‌లో ఒక గురువారం, ప్రసన్న బిందెతో గోడకు ఇవతల, వాళ్ళకు కనపడకుండా సరిగ్గా వెనకే ఉంది. జాకబ్ ఒక కాగితం ఇచ్చాడు. "రైలు టికెట్టమ్మా. వచ్చే గురువారం, తొమ్మిదిన్నర బండి, షోలాపూర్‌కు." అంజలి గుండెకు హత్తుకుని అడిగింది, "రెండు సీట్లూ పక్కపక్కనేనా?" "పక్కపక్కనేమ్మా."

ఆ మధ్యాహ్నం అంజలి పట్టరాని సంతోషంతో ఉంది. ప్రసన్న తల దువ్వుతూ, "వచ్చే గురువారం తొమ్మిదికి టేసను కాడికి రాక్కా. ఆడ నీకొకటి చెప్తా. ఇప్పుడు చెప్తే నీ మొగంలో కనపడిపోతాది. తప్పకుండా రావాల, ప్రసన్నక్కా," అంది.

అని, నాలుక కరుచుకుంది. ప్రసన్నకు ఒళ్ళు చల్లబడింది. రామాంజినమ్మ కదా తను ఈ ఇంట్లో? ఏదో పనుందని లేచి వచ్చేసింది.

బస్సులో ఆమె బుర్ర తన పని తాను చేసుకుపోయింది. పద్నాలుగేళ్ళుగా పరాయి సంసారాలను పేర్చి చూసిన బుర్ర, ఆగమంటే ఆగుతుందా? పేరు తెలుసు. అంటే ఎవరు పంపారో, ఎందుకు నిలబడిందో తెలుసు. తెలిసే లోపలికి పిలిచింది. అన్నం పెట్టింది, నూనె రాసింది, గడియ వేసింది. మూడు నెలలుగా గుడి, దర్జీ అని తను చెప్పిన ప్రతి అబద్ధానికీ వెల అదన్నమాట. ఇప్పుడు స్టేషన్‌కు రమ్మంటోంది. ఎందుకు? ఆ జాకబ్‌తో బండెక్కుతుంటే కాపలా నిలబడడానికి. ఇంటికి పోయి, ఈ రోజు కూడా గుడికే పోయిందని చెప్పడానికి. నిలబడే పని! మొగుడికీ నిలబడింది, దీనికీ నిలబడింది. మొగుడు తనను మనిషిగా చూడకపోతే అలవాటైపోయింది. ఈ పిల్ల మనిషిగా చూసి, తర్వాత బిందెను చేసింది. ఎంత ఆశపడ్డావే పిచ్చిదానా, అని తనను తానే తిట్టుకుంది. ఎంత తిట్టినా కసి తీరలేదు.

ఆ సాయంత్రం అనిల్ కుమార్ రోజూలాగే మొదలుపెట్టాడు. "మూడు నెలలు నిలబడి ఏం పీకినావు? ఆ షావుకారు నన్ను తిడతాండాడు."

"వచ్చే గురువారం. గుత్తి స్టేషన్‌లో, తొమ్మిదిన్నర బండి. ఆటో జాకబ్‌తో," అంది ప్రసన్న.

అతను లేచి నిలబడ్డాడు. ఆమె భుజం తట్టాడు. వంటింట్లోకి పోయి, చక్కెర డబ్బా ఎక్కడుందో తెలియక అన్నీ కింద పడేసి, తన చేతుల్తో టీ పెట్టి తెచ్చాడు. పెళ్ళయినాక మొదటిసారి. ఆమె ఆ టీ తాగింది.

గురువారం నాడు అందరికంటే ముందు ప్రసన్నను పంపారు, అనుమానం రాకుండా. మార్కండేయ, ఆయన మనుషులిద్దరు, అనిల్ కుమార్ పార్సిలు మూటల వెనక ఉన్నారు. ప్లాట్‌ఫారం మీద అంజలి ఒక్కతే ఉంది, చేతిలో సంచి, జాకబ్ లేడు. గూడ్సు బండి ఒకటి చెవులు పగిలేలా పోతోంది. ప్రసన్నను చూడగానే ఆ పిల్ల ఉరుక్కుంటూ వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"వచ్చినావా! నీ పేరు నోరు జారినాక భయపడి రావేమో అనుకున్నా. నువ్వెవరో మొదటి వారమే తెలుసక్కా. అనంతపురంలో మీ ఆఫీసు కాడ నిన్ను చూసినాడంట, జాకబన్న చెప్పినాడు, నా స్నేహితురాలు ఎలిజబెత్ మొగుడే ఆయన. పంపించేద్దామనే అనుకున్నా, నా వల్ల కాలే. షోలాపూర్‌లో అంతా తెలుగోళ్ళే. తువాళ్ళు నేసే కార్ఖానాలో మా మేనత్త ఇద్దరికీ పని చూసింది. నువ్వు రాకుంటే ఈ బండి నేనూ ఎక్కను."

ప్రసన్న నోరు తెరిచింది. పారిపో అందామని. గూడ్సు బండి అయిపోయింది. వెనక నుంచి చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చేసింది. అంజలి ఆమె భుజం మీదుగా చూసింది. మొగుణ్ణి చూసింది. మళ్ళీ ప్రసన్నను చూసింది. పట్టుకున్న చేతులు వదిలేసింది.

మార్కండేయ టికెట్టు లాక్కున్నాడు. ఆ కాగితం మీద పేర్లుండవు, ఆడో మగో, వయసెంతో, అంతే. "ఇద్దరూ ఆడోళ్ళేనా? ముప్పై ఎనిమిదంట. ఎవురే అది?" అని జుట్టు పట్టుకున్నాడు. అంజలి చెప్పలేదు. జనమంతా చూస్తుండగా కొట్టాడు, ఈసారి మొహం మీదే. అయినా చెప్పలేదు. ప్రసన్న మూడడుగుల దూరంలో ఉంది, ఆమె మొహం వైపు ఎవరూ చూడలేదు. నేనే అని ఒక్క మాట. నోటి దాకా వచ్చింది. పక్కనే మొగుడున్నాడు, అవతల అత్త ఉంది, ఆ ఇల్లుంది, ఊరుంది. మింగేసింది. అంజలిని కారులోకి తోశారు. బయట ఆటోలో ఉన్న జాకబ్ చెయ్యి విరగ్గొట్టారు.

తిరుగు బస్సులో అనిల్ కుమార్ హుషారుగా ఉన్నాడు. "ఆ రెండోదాన్ని గూడా పట్టియ్యమన్నాడు షావుకారు. అది నోరు విప్పేటట్టు లేదంట. నువ్వే కనిపెట్టాల. ఆడదాన్ని ఆడదే పట్టాల గదా," అన్నాడు. ప్రసన్న తలూపింది. నాలుగు రోజులు అట్లాగే తలూపింది. పోదాం, చెప్పేద్దాం, ఆ పిల్లను ఇంకా కొడుతుంటాడు అనుకుంటూ రొట్టెలు కాల్చింది, ఇస్త్రీ చేసింది, మాత్రలు ఇచ్చింది. సోమవారం గడిచింది.

మంగళవారం మధ్యాహ్నం ఫోనొచ్చింది. అనిల్ కుమార్ ముద్ద నోట్లో పెట్టుకుంటూనే చెప్పాడు. "ఆ గుత్తి ఆమె పోయిందంటమ్మే. ఇంట్లో ఎవ్వరూ లేనప్పుడు ఒక్కతే నీళ్ళు తోడబోయి సంపులో జారి పడిందంట. ఇంగ మన కేసు అయిపోయె. పప్పు ఇంకొంచెం పొయ్యి."

ఒక్కతే! ఆ మూత ఒక్కతే ఎత్తిందట. ప్రసన్న పప్పు పోసింది. గిన్నె పొయ్యి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, చెప్పులేసుకుంది. "యాడికి?" అంది అత్త. "గుత్తికి," అంది. "మాత్ర ఎవురిస్తారు నాకు?" అంటూ ఆ ముసలామె ఇంకా అరుస్తూనే ఉంది.

గుత్తి పోలీసు స్టేషన్‌లో మహిళా కానిస్టేబుల్ కాగితం ముందు పెట్టుకుని వింది. మూత సంగతి రాసుకుంది. వీపు మీది వాతలు ఎన్నున్నాయి, ఎక్కడెక్కడ ఉన్నాయి, ఏవి పాతవి, ఏవి కొత్తవి, ప్రసన్న తేదీలతో సహా చెబుతుంటే అన్నీ రాసుకుంది. పద్నాలుగేళ్ళ పనితనమంతా చూపింది ప్రసన్న. ఉన్నట్టుండి ఆ కానిస్టేబుల్ పెన్ను ఆపి తలెత్తింది.

"పుట్టింటోళ్ళకే తెలియదంట గదమ్మా ఈ దెబ్బలు. ఒంటి మీద గుడ్డ ఉండంగ కనపడేవి కాదు ఇవి. నువ్వు యాడ చూసినావు? నువ్వు ఆమెకు ఏమవుతావు?"

ఈ మాటకు జవాబు చెప్పినాక తిరిగి పోవడానికి ఇల్లుండదని ప్రసన్నకు తెలుసు. ఎదురుగా కుర్చీ ఉన్నా ఆమె కూర్చోలేదు.

"షోలాపూర్ బండిలో రెండో సీటు నాది. రాసుకోండి మేడమ్," అంది. "ఆమెను వాళ్ళకు పట్టిచ్చింది గూడా నేనే. అది గూడా రాసుకోండి."