జవాబు రాని పరాచికం

లారీ పక్క ఊళ్లో ఉందన్న కబురు పొద్దున్నే వచ్చింది. ముతింత కరువుకి ఖాళీ అయిన మేకల గది దగ్గరికి వెళ్లింది. కర్రల మీద నడుమెత్తున నిలబెట్టిన ఆ గది కింద పేరుకున్న పెంటను మళ్లీ ఒకసారి కాలితో సర్దింది. సర్దినకొద్దీ అది ఎవరో సర్దిన పెంటలాగే కనబడుతోంది.

దాని కింద గుంటలో ఒక బస్తా మొక్కజొన్న ఉంది. సముద్రం అవతలి దేశం పంపిన గింజ. వానలు ఎగ్గొట్టి లోయ మొత్తం ఎండిపోయినప్పుడు ఎవరో తెల్లవాళ్లు వచ్చి ఇంటింటికీ పంచి వెళ్లారు. కొన్నాళ్లు అందరి ఇళ్లలోనూ సంకటి ఉడికింది. ఆ తరవాత రేడియో మాట మార్చింది. అది ప్రయోగశాలలో మార్చిన గింజట. జాంబియా నేలలో పడి మొలిస్తే ఇక్కడి విత్తనమంతా చెడిపోతుందట. మన నేలలో ఏం మొలవాలో చెప్పాల్సింది మనం, తిండి పెట్టినవాడు కాదు అని రాజధాని లుసాకాలో పెద్దలు తేల్చారు. ఇళ్లలో మిగిలింది తిరిగి ఇచ్చెయ్యాలి. బదులుగా ప్రభుత్వమే మంచి గింజ పంపుతుంది. దాచిన బస్తా ఒక్కటి బయటపడినా ఆ ఊరికి బదులు గింజ రాదు.

ఆ మాటల్లో ముతింతకు తప్పేమీ కనబడలేదు. కానీ పొయ్యి మీద పొగలో వేలాడాల్సిన విత్తనపు కంకులు ఆమె ఇంట్లో లేవు. ఆ పంపకానికి ముందు, కూతురు చోల్వే జ్వరంతో పడుకుని ఆకలని ఏడ్చినప్పుడు వాటిని ఒలిచి ఉడకేసింది. ఉత్తరాన మబ్బులు కడుతున్నాయి, బదులు గింజ ఎప్పుడొస్తుందో తెలియదు. వాన పడి, నాటడానికి గుప్పెడు గింజ లేకపోతే పైఏడు కూడా ఇంతే. అందుకే ఆ బస్తా తినలేదు, చెప్పలేదు.

"ఏమే ఏనుగమ్మా, ఇంకా నిలబడే ఉన్నావా? నువ్వు పడతావు, పీక్కు తిందామని కాచుకుని కూచున్నా."

సియామలంబో తాత కర్ర పొడుచుకుంటూ వస్తున్నాడు. ముతింత గబుక్కున మేకల గదికి అడ్డం జరిగింది.

"నీకు పళ్లెక్కడివి తాతా? నన్ను ఎవరైనా నమిలి నీ నోట్లో ఉమ్మాలి."

తాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయనది దుమ్ములగొండి వంశం, ఆమెది ఏనుగు వంశం. ఆ రెండింటికీ తాతల నాటి నుంచి పరాచికాల వరస. ఎంత మాటన్నా పడాలి, దానికి రెండింతలు తిరిగి అనాలి. ఒకరింట్లో వస్తువు ఇంకొకరు ఎత్తుకుపోయినా దొంగతనం అనకూడదు. చావింట్లో కూడా ఈ ఎకసెక్కాలు ఆగవు. మాట పడి ఊరుకుంటే మాత్రం ఇంట్లో ఏదో చెడు జరిగిందనే లెక్క.

మధ్యాహ్నానికి లారీ వచ్చింది. ఇద్దరు పోలీసులు, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక అధికారి దిగారు. హాచిపుకా అని పేరు చెప్పుకున్నాడు. లుసాకా భాషలోనే మాట్లాడాడు. ఊరిపెద్ద ఆ మాటల్ని లోయ భాష టోంగాలో చెప్పుకొచ్చాడు.

"మీ మీద నాకు కోపం లేదు. కానీ ఒక్క పొలంలో ఇది మొలిచినా చాలు, గాలికి పుప్పొడి ఎగిరి పక్క చేలకి అంటుతుంది. రేపు మీ విత్తనం మీది కాకుండా పోతుంది. విత్తనం పోయాక దేశం ఉండేమిటి?"

ఒక్కొక్కరే సంచులు తెచ్చి లారీ దగ్గర పెట్టారు. పక్కింటి లుయాండో సగం సంచి ఈడ్చుకొచ్చి అధికారి కాళ్ల దగ్గర దబ్బున పడేసింది.

"పిల్లల నోట్లోంచి తీసి ఇస్తున్నా, జాగ్రత్తగా మోసుకెళ్లండి. మళ్లీ విషపు దుంపలు నీళ్లు మార్చి మార్చి ఉడకబెట్టుకుంటాం లెండి."

ముతింత వంతు వచ్చింది. ఖాళీ సంచి మడిచి ఇచ్చింది. "ఇచ్చింది ఇచ్చినట్టే తినేశాం."

అధికారి తల ఊపి పక్కకు తిరగబోయాడు. అప్పుడే వెనకనుంచి తాత గొంతు లేచింది.

"తినేసిందట! నమ్మకండి సారూ! ఏనుగు జాతి, తిన్నది సగం, పాతిపెట్టింది సగం. ఆ మేకల పెంట తవ్వి చూడండి, బస్తా దొరక్కపోతే నా చెవి కోసుకోండి!"

ఊరంతా ఘొల్లుమంది. పోలీసులూ నవ్వారు. తాతకేమీ తెలియదు, నోటికొచ్చింది అన్నాడంతే. అందరూ ముతింత వైపు తిరిగారు, ఇప్పుడు ఈవిడేమంటుందో అని.

ముతింత నోరు తెరిచింది. మాట రాలేదు. ఎన్ని మాటలు లేవు ఆ ముసలాయన్ని అనడానికి! ఒక్కటీ నాలిక మీదికి రాలేదు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. తాత ముఖంలో నవ్వు అలాగే ఉంది కానీ కళ్లు మారాయి.

అధికారి మెల్లగా ఆమె దగ్గరికి వచ్చాడు.

"తాత అంత మాటన్నాడు. జవాబివ్వవేం, చెల్లెమ్మా?"

తేట టోంగాలో అడిగాడు. లోయ మాటే, యాసతో సహా.

"నాదీ ఏనుగు వంశమే. మా అమ్మయితే ఈపాటికి ఈయన గడ్డం పీకేసేది." అతను మేకల గది వైపు చూశాడు. "తవ్వండి."

పార రెండో పోటుకే గోనె తగిలింది. బస్తా బయటికి లాగి దులిపారు. దాని మీద ఉన్న పరాయి జెండా బొమ్మను ఊరంతా చూసింది. ఊరిపెద్ద నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. "బదులు గింజ పోయినట్టే," అన్నాడు ఎవరితోనో.

"అది నాది," అన్నాడు తాత.

అధికారి వెనక్కి తిరిగాడు.

"నాదే సారూ. దుమ్ములగొండి ఎక్కడ దాస్తుంది? పెంటలోనే. ఆ పిల్లకి తెలీదు. పరాచికానికి దాచా, పరాచికానికి చెప్పా. నన్ను తీసుకుపోండి. నేనీ ఊరివాణ్ని కాను, అడవివాణ్ని. ఊరి నోరు కొట్టకండి."

అధికారి ముతింతను చూశాడు. "ఏమంటావు?"

తాత కూడా ఆమెనే చూస్తున్నాడు, మాట విసిరి జవాబు కోసం చూసే చూపు. ఆమెకు అర్థమయింది. ఇప్పుడు ఊరుకుంటే ఆయన అబద్ధం నిలబడదు.

"పాడు ముసలాడా!" అని అరిచింది. "పెంట తవ్వుకు బతికే జాతి! నా మేకలు చచ్చింది నీ కంపుకే! తీసుకుపోండి సారూ, కట్టేసి తీసుకుపోండి!"

తాత ఒక్కడే నవ్వాడు. పోలీసులు రెక్క పట్టుకుంటే, తనంతట తనే లారీ ఎక్కి బస్తాల మీద కూర్చున్నాడు.

"ఊరి సంగతి లుసాకాలో చెబుతారు," అన్నాడు అధికారి. ఎవరి కళ్లలోకీ చూడలేదు.

లారీ వెళ్లిపోయింది. దుమ్ము అణిగింది. జనం ఇళ్లకు పోలేదు. అందరూ తవ్విన గుంట చుట్టూ చేరి నిలబడ్డారు. చోల్వే వచ్చి తల్లి కొంగు పట్టుకుంది. లుయాండో ముందుకు వచ్చింది. ఆమె చేతిలో పోలీసులు వదిలేసి వెళ్లిన పార ఉంది.

"ముతింతా," అంది నెమ్మదిగా, ఎప్పటిలా చోల్వే అమ్మా అనకుండా. "ఒక్క బస్తానేనా?"

"ఒక్కటే. నా బిడ్డ మీద ఒట్టు."

లుయాండో పార భుజానికెత్తి ముతింత ఇంటి గుమ్మం వైపు చూసింది. వెనక ఉన్నవాళ్లు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు.